కమాను కట్ట నుంచి చుట్ట స్ప్రింగు దాకా: ఉత్తరాంధ్రలో వాహన సస్పెన్షన్ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల రవాణా చరిత్రలో స్ప్రింగు పాత్రను వివరించగలుగుతారు.
• కమాను కట్టకు, చుట్ట స్ప్రింగుకు మధ్య తేడాలను, ఆ తేడాల వల్ల మరమ్మతు పనిలో వచ్చిన మార్పులను గుర్తించగలుగుతారు.
• వాహనం ఎత్తు పెంచేటప్పుడు చుట్ట స్ప్రింగును ప్రమాదం లేకుండా విప్పే క్రమాన్ని, ఆ క్రమం వెనుక ఉన్న కారణాలను చెప్పగలుగుతారు.
• మరమ్మతు పనివారి జ్ఞానాన్ని చరిత్ర ఆధారంగా ఎలా సేకరించాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

సాంకేతిక చరిత్ర అనగానే మనకు యంత్రాన్ని కనిపెట్టినవారు, కర్మాగారం పెట్టినవారు గుర్తుకు వస్తారు. ఆ యంత్రాన్ని దశాబ్దాల పాటు నడిచేటట్టు ఉంచినవారు గుర్తుకు రారు. ఒక లారీని కర్మాగారంలో ఒక్కసారే తయారు చేస్తారు. షెడ్డులో దానిని వందసార్లు విప్పి బిగిస్తారు. విప్పడం కూడా ఒక విద్య. ఆ విద్యలో పొరపాటు జరిగితే వేళ్ళు పోతాయి, కళ్ళు పోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

ఈ పాఠంలో మనం ఒకే ఒక భాగాన్ని తీసుకుంటాం. అది వాహనానికి, నేలకు మధ్య ఉండే స్ప్రింగు. స్ప్రింగు మోసే బరువు దానిలో బలంగా నిలిచి ఉంటుంది. ఆ బలాన్ని ఎక్కడ దాచారు, దానిని ఎవరు, ఏ వరుసలో విడిచిపెట్టాలి అన్న ప్రశ్నతో ఈ ప్రాంత రవాణా చరిత్రను చదవవచ్చు.

2. స్ప్రింగు లేని బండ్ల కాలం

రైలు రాకముందు ఈ ప్రాంతంలో సరుకంతా ఎడ్లబండ్ల మీదనే కదిలేది. సరుకు బండికి స్ప్రింగు ఉండదు. కర్ర ఇరుసు మీద బండి చట్రం నేరుగా కూర్చుంటుంది. గోతిలో చక్రం పడితే ఆ దెబ్బ చట్రానికి, చట్రం నుంచి మనిషికి చేరుతుంది. వెడల్పైన పెద్ద చక్రం, నెమ్మదైన నడక, కింద పరిచిన గడ్డి మాత్రమే ఆ బండికి సస్పెన్షన్. అయితే వడ్రంగి, కమ్మరి కలిసి ఊళ్ళోనే దానిని బాగుచేసేవారు. విప్పేటప్పుడు ఎగిరిపడే భాగం ఏదీ అందులో లేదు.

ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ 1804లో గుర్రపు బండ్లకు పట్టీల స్ప్రింగు అమర్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి విల్లులా వంచి బిగించడం ఆ పద్ధతి. క్రమంగా అది మన పట్టణాలకూ వచ్చింది. జమీందారుల కోచి బండ్లలోనూ, స్టేషను దగ్గర బాడుగకు తిరిగే జట్కాలలోనూ ఈ పట్టీలు కనిపించాయి. విల్లు ఆకారాన్ని బట్టి మన షెడ్డులలో దీనికి కమాను కట్ట అన్న పేరు స్థిరపడింది.

ఇదే కాలంలో రైలు మార్గాలు వచ్చాయి. విజయవాడ నుంచి కటక్ వరకు సాగిన తూర్పు కోస్తా రైలు మార్గాన్ని 1893, 1896 మధ్య నిర్మించారు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న గేజి రైలు మొదలైంది. విజయనగరం, పార్వతీపురం మార్గం 1908–09లో, బొబ్బిలి నుంచి సాలూరు శాఖ 1913లో వచ్చాయి. పార్వతీపురం మార్గం రాయపూర్ వరకు పూర్తయ్యేసరికి 1931 అయింది. ఇందులో సాలూరు శాఖను ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. ఆ పట్టాలు కొండల అడుగున ఆగిపోయాయి. అక్కడి నుంచి పైకి వెళ్ళే సరుకు రోడ్డునే నమ్ముకోవాలి.

3. కమాను కట్టల కాలం: సాలూరు, కనుమ దారి

సాలూరు 2022 ఏప్రిల్ వరకు విజయనగరం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఈ పట్టణం లారీలకు పేరు పొందింది. కారణం భౌగోళికం. సాలూరు దాటగానే సుంకి ఘాటు మొదలవుతుంది. ఆ దారి పొట్టంగి, కోరాపుట్, జయపురం మీదుగా జగదల్‌పూర్, రాయపూర్ వైపు పోతుంది. చాలాకాలం 43వ నంబరు జాతీయ రహదారిగా పిలిచిన ఈ దారిలో ఇక్కడి భాగం ఇప్పుడు 26వ నంబరు రహదారి. కోస్తా సరుకు పైకి, కొండల సరుకు కిందికి ఈ కనుమ గుండానే దిగి ఎక్కింది. లారీ యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లతో పాటు బాడీ కట్టేవారు, వెల్డింగు పనివారు, కమాను కట్టలు వేసేవారు ఆ ఊరి బతుకులో భాగమయ్యారు.

టాటా సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టింది. మద్రాసులో అశోక్ లేలాండ్ ఎదిగింది. ఆ లారీలన్నీ కమాను కట్టల మీద నడిచినవే. స్వాతంత్య్రం వచ్చిన తొలి ఏళ్ళ నుంచి బొంబాయిలో మహీంద్రా సంస్థ బిగించిన జీపులకు కూడా నాలుగు చక్రాల దగ్గరా కమాను కట్టలే. సీతంపేట, కురుపాం, పాచిపెంట వంటి ఏజెన్సీ ప్రాంతాల దారులకు అవి సరిపోయాయి.

కమాను కట్ట ఇంతకాలం ఎందుకు నిలిచింది? దీనికి మూడు కారణాలు ఉన్నాయి. ఒకటి, అది బరువును మోయడమే కాక ఇరుసును తన చోట పట్టి ఉంచుతుంది. వేరే కడ్డీలు అవసరం లేదు. రెండు, పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల ఊగిసలాట కొంత దానంతట అదే తగ్గుతుంది. మూడు, ఒక పట్టీ విరిగితే ఆ ఒక్కదాన్నే మార్చవచ్చు. బరువు ఎక్కువైతే మరో పట్టీ కలపవచ్చు. ఈ మూడో గుణమే మేస్త్రీకి పని ఇచ్చింది.

కమాను కట్టలోనూ ప్రమాదం ఉంది. కట్టలోని పట్టీలన్నిటి వంపు ఒకేలా ఉండదు. వాటిని మధ్య బోల్టుతో బలవంతంగా దగ్గరకు లాగి బిగిస్తారు. కనుక ఆ బోల్టు ఊడదీస్తే పట్టీలు విడిపోయి ఎగురుతాయి. అందుకే అనుభవం ఉన్న మేస్త్రీ ముందు బోల్టుకు రెండు పక్కలా కట్టను బిగింపులతో పట్టి ఉంచి, తర్వాత బోల్టు విప్పి, చివరకు బిగింపులను కొద్దికొద్దిగా వదులు చేస్తాడు. ముందు బంధించు, తర్వాత విప్పు, నెమ్మదిగా వదులు. ఈ వరుసను గుర్తుంచుకోండి. చుట్ట స్ప్రింగు దగ్గర మళ్ళీ మనకు ఇదే అవసరమవుతుంది.

4. చుట్ట స్ప్రింగు రాక

ఉక్కు కడ్డీని మరలా చుట్టితే చుట్ట స్ప్రింగు అవుతుంది. దీనిని నొక్కినప్పుడు చుట్టలోని కడ్డీ ప్రధానంగా మెలి తిరుగుతుంది. కాబట్టి చుట్ట స్ప్రింగు అంటే చుట్టి పెట్టిన మెలిక కడ్డీ అనుకోవచ్చు. తక్కువ బరువు ఉక్కుతో ఎక్కువ బలాన్ని దాచగలగడం దీని ప్రత్యేకత.

అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1934లో తన కార్ల ముందు చక్రాలను ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదిలేటట్టు చేసి, చుట్ట స్ప్రింగులు అమర్చింది. ఆ పరిశోధనలో మారిస్ ఆలీ అనే ఇంజనీరు పాత్ర ముఖ్యమైనది. తర్వాత ఎర్ల్ మాక్‌ఫర్సన్ స్ప్రింగును, షాక్ అబ్జార్బర్‌ను కలిపి ఒకే నిలువు స్తంభంగా రూపొందించాడు. 1950లో ఇంగ్లండు ఫోర్డ్ సంస్థ కాన్సల్, జెఫిర్ కార్లలో దానిని ప్రదర్శించింది. దీనిని స్ట్రట్ అంటారు.

మన ప్రాంతంలోని ప్రయాణికుడు చుట్ట స్ప్రింగు మీద మొదట కూర్చున్నది చాలావరకు రైలులోనే. 1955లో పెరంబూరులో మొదలైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ బోగీల చక్రాల దగ్గర చుట్ట స్ప్రింగులు ఉంటాయి. ప్లాట్‌ఫారం మీద నుంచి వంగి చూస్తే మీకూ కనిపిస్తాయి. రోడ్డు మీదికి అవి ఆలస్యంగా వచ్చాయి. అంబాసిడర్ కారు ముందు భాగంలో మెలిక కడ్డీలు, వెనుక కమాను కట్టలు ఉండేవి. ఫియట్ కారుకు, అంటే తర్వాతి ప్రీమియర్ పద్మినికి, ముందు చుట్ట స్ప్రింగులు, వెనుక కమాను కట్టలు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ముందు చక్రాలకు స్ట్రట్‌లు పెట్టి, చిన్న పట్టణాల షెడ్డులకు ఆ పనిని పరిచయం చేసింది. జీపు వంశంలో మార్పు ఇంకా ఆలస్యం. 2010 నాటి మహీంద్రా థార్‌కు వెనుక కమాను కట్టలే. 2020 నాటి థార్‌కు నాలుగు మూలలా చుట్ట స్ప్రింగులు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. చుట్ట స్ప్రింగు ఇరుసును పట్టి ఉంచలేదు. కాబట్టి దానికి తోడుగా కడ్డీలు, చేతులు కావాలి. దానిలో పట్టీల రాపిడి లేదు. కాబట్టి షాక్ అబ్జార్బర్ తప్పనిసరి. చాలా వాహనాలలో ఇరుసు ఎంత కిందికి దిగాలో ఆపేది కూడా ఆ షాక్ అబ్జార్బరే. కమాను కట్ట ఒక్కటే చేసిన మూడు పనులు మూడు భాగాలకు పంచబడ్డాయి. విప్పేవాడు ఏది దేనిని పట్టి ఉంచిందో తెలుసుకోకుండా పానా పెట్టకూడదు.

5. దాగి ఉన్న బలం: ఒక చిన్న లెక్క

రాబర్ట్ హుక్ తన సూత్రాన్ని 1676లో అక్షరాలు తారుమారు చేసి ప్రకటించి, 1678లో విప్పి చెప్పాడు. ఎంత లాగితే అంత బలం అన్నది దాని సారం. నొక్కినా అంతే.

ఉదాహరణకు ఒక మిల్లీమీటరు నొక్కడానికి 30 న్యూటన్ల బలం కావలసిన స్ప్రింగును తీసుకుందాం. దానిని 150 మిల్లీమీటర్లు నొక్కితే బలం 30 × 150 = 4,500 న్యూటన్లు. అంటే సుమారు 450 కిలోల బరువు. దానిలో నిలిచిన స్థితిజ శక్తి ½ × 4,500 × 0.15 = 337.5 జౌళ్ళు. పది కిలోల రాయిని దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేటప్పుడు ఉండే శక్తి ఇది. తేడా ఏమిటంటే, పడుతున్న రాయి కంటికి కనబడుతుంది. నొక్కి ఉన్న స్ప్రింగు కదలకుండా, శబ్దం లేకుండా ఉంటుంది. ప్రమాదమంతా ఆ నిశ్శబ్దంలో ఉంది.

6. చుట్ట స్ప్రింగును విప్పే క్రమం

వాహనం ఎత్తు పెంచడానికి పాత స్ప్రింగు తీసి పొడవైన స్ప్రింగు పెడతారు. అమరికను బట్టి విప్పే క్రమం మారుతుంది. కింది వివరణ సూత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఇచ్చినది. పని చేసేటప్పుడు ఆ వాహనం సర్వీసు పుస్తకంలోని క్రమమే ప్రమాణం.

6.1 వెనుక ఇరుసు మీద విడిగా ఉన్న స్ప్రింగు

(అ) వాహనాన్ని గట్టి, సమతల నేల మీద నిలిపి గేరులో ఉంచాలి. ముందు చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. హ్యాండు బ్రేకు సాధారణంగా వెనుక చక్రాలను పట్టుకుంటుంది. వాటినే పైకి లేపుతున్నాం కనుక దానిని మాత్రమే నమ్మకూడదు.

(ఆ) చక్రాల నట్లను నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయాలి. తర్వాత జాకీతో లేపి, చాసిస్ కింద రెండు పక్కలా ఇనుప స్టాండులు పెట్టాలి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. ఇటుకలు, రాళ్ళు పేర్చి దాని కిందికి దూరడం ఆత్మహత్యతో సమానం.

(ఇ) ఇరుసు కింద మరో జాకీ పెట్టి దాని బరువును పట్టాలి. అప్పుడే చక్రాలు తీసి, బ్రేకు గొట్టం బిగింపును, చక్రం దగ్గరి సెన్సరు తీగను, ఊగును ఆపే కడ్డీ లంకెలను విడదీయాలి. లేకపోతే ఇరుసు దిగేటప్పుడు గొట్టం సాగి తెగుతుంది.

(ఈ) ఇరుసు బరువు జాకీ మీద ఉండగానే షాక్ అబ్జార్బర్ కింది బోల్టులు తీయాలి. ఇరుసుకు హద్దు అదేనని మనం చూశాం. జాకీ లేకుండా ఆ బోల్టు తీస్తే ఇరుసు ఒక్కసారిగా పడి, స్ప్రింగు బయటికి దూకుతుంది.

(ఉ) జాకీని కొద్దికొద్దిగా దించాలి. స్ప్రింగు తన సహజ పొడవుకు చేరి, చేతితో తిప్పితే తిరిగేంత వదులైనప్పుడే తీయాలి. వదులు కాకపోతే ఇంకా ఏదో పట్టి ఉందని అర్థం. అది ఏమిటో వెతకాలి. గునపం పెట్టి ఎగదన్నడం ఎప్పుడూ సమాధానం కాదు. ముఖం, ఛాతీ స్ప్రింగు ఎగిరే దిశలో ఉంచకూడదు.

6.2 రెండు చేతుల మధ్య ఉన్న స్ప్రింగు

పాత ఫియట్ ముందు చక్రం వంటి అమరికలో స్ప్రింగు కింది చేతికి, చాసిస్‌కు మధ్య నొక్కి ఉంటుంది. కింది చేతి బోల్టు లేదా బాల్ జాయింటు తీస్తే ఆ చేయి కత్తెరలా తెరుచుకుంటుంది. కనుక ముందు స్ప్రింగును బిగింపు సాధనంతో నొక్కి బంధించి, కింది చేతిని జాకీతో ఆని ఉంచి, అప్పుడే బోల్టు తీసి నెమ్మదిగా దించాలి.

6.3 స్ట్రట్

స్ట్రట్‌ను వాహనం నుంచి తీసినా స్ప్రింగు వదులు కాదు. అది రెండు పళ్ళేల మధ్య నొక్కి ఉంటుంది. పైన మధ్యలో కనిపించే ఒక్క నట్టే దానిని పట్టి ఉంచుతుంది. కొత్తగా పని నేర్చుకునేవారికి మొదట కనబడేది, మొదట విప్పాలనిపించేది ఆ నట్టే. దానిని చివర విప్పాలి.

స్ప్రింగుకు ఎదురెదురుగా రెండు బిగింపు సాధనాలు పెట్టి, ఒకదానికి కొన్ని చుట్లు, రెండోదానికి కొన్ని చుట్లు మార్చి మార్చి బిగించాలి. ఒక పక్కే బిగిస్తే స్ప్రింగు వంగి జారుతుంది. గాలి తుపాకీతో బిగించకూడదు. మరలు అరిగినవి, కొక్కేలు వంగినవి వాడకూడదు. పళ్ళెం నుంచి స్ప్రింగు విడివడిందని కంటితో చూసుకున్న తర్వాతే మధ్య నట్టు విప్పాలి. నొక్కి ఉన్న స్ప్రింగును నేల మీద పడేసి వేరే పనికి వెళ్ళకూడదు. అదే నిదానంతో సాధనాలను వదులు చేయాలి. ఎత్తు పెంచే స్ప్రింగు పొడవైనది కావడం వల్ల బిగించేటప్పుడు దానిని మరింత నొక్కవలసి వస్తుంది. కాబట్టి విప్పేటప్పటి కంటే బిగించేటప్పుడే ప్రమాదం ఎక్కువ.

7. ఎత్తు పెంచడం: నాడు, నేడు

వాహనం ఎత్తు పెంచడం కొత్త సంగతి కాదు. లారీకి అదనపు పట్టీ వేయించడం అందులో పాత రూపం. అయితే దాని ఉద్దేశం బరువు. నేడు చుట్ట స్ప్రింగు మార్పించుకునేవారి ఉద్దేశం నేలకు, బండికి మధ్య ఖాళీ, లేదా కేవలం ఆకారం. మొదటిది జీవనోపాధి నుంచి పుట్టింది. రెండోది ఎక్కువగా అభిరుచి నుంచి పుట్టింది. పని మాత్రం అదే షెడ్డుకు, అవే చేతులకు వస్తుంది.

ఎత్తు పెరిగితే గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది. ఘాటు మలుపులో బండి ఒరిగే గుణం పెరుగుతుంది. బ్రేకు గొట్టాల పొడవు చాలకపోవచ్చు. ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారుతుంది. చక్రాల అమరికను, దీపాల దిశను మళ్ళీ సరిచేయాలి. రబ్బరు బుష్షులున్న బోల్టులను బండి బరువు చక్రాల మీదికి వచ్చాకే చివరిసారి బిగించాలి. కొంత దూరం నడిపి నట్లన్నీ మళ్ళీ చూడాలి.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహన మార్పులకు సంబంధించినది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఖర్చు పెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం మంచిది.

8. చరిత్రకారుడి ముందున్న పని

రైలు మార్గం ఎప్పుడు తెరిచారో చెప్పే కాగితం దొరుకుతుంది. ఒక షెడ్డులో చుట్ట స్ప్రింగును మొదటిసారి ఎవరు విప్పారో, సాధనం లేనప్పుడు ఏమి చేశారో చెప్పే కాగితం ఉండదు. ఆ జ్ఞానం మేస్త్రీ నుంచి పని నేర్చుకునే కుర్రవాడికి మాటగా, మందలింపుగా, ఒక్కోసారి గాయపు మచ్చగా అందింది. కమాను కట్ట తరం మేస్త్రీలు ఇప్పుడు వయసు మళ్ళినవారు. వారు చెప్పగలిగినప్పుడే అడిగి రాసుకోవాలి.

మీ అభ్యాసం కోసం మీ ఊరిలో లేదా దగ్గరి పట్టణంలో ఒక పాత మెకానిక్ షెడ్డుకు వెళ్ళండి. ముందుగా అనుమతి తీసుకోండి. పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మొదట ఏ బండి విప్పారు, కమాను కట్ట పని ఎప్పుడు తగ్గింది, స్ప్రింగు విషయంలో కుర్రవాళ్ళకు చెప్పే మొదటి జాగ్రత్త ఏమిటి అని అడగండి. పనిముట్లకు వారు వాడే పేర్లను వారి ఉచ్చారణలోనే రాయండి. ఇదీ మౌఖిక చరిత్రే.

సారాంశం

ఉత్తరాంధ్ర రవాణా ఎడ్లబండి నుంచి రైలుకు, లారీకి, కారుకు మారే క్రమంలో స్ప్రింగు కూడా మారింది. కమాను కట్ట ఒక్కటే చేసిన పనులను చుట్ట స్ప్రింగు కాలంలో అనేక భాగాలు పంచుకున్నాయి. అందువల్ల విప్పే వరుస ప్రాణప్రదమైంది. ముందు బంధించడం, తర్వాత విప్పడం, నెమ్మదిగా వదలడం అనే నియమం మాత్రం రెండింటికీ ఒకటే. ఈ నియమాన్ని కాపాడినవారు షెడ్డు పనివారు. వారి పని లేకుండా ఈ ప్రాంత రవాణా చరిత్ర పూర్తి కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సాలూరు లారీల పట్టణంగా ఎదగడానికి భౌగోళిక కారణాలు ఏవి?
2. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీసే ముందు ఇరుసు కింద జాకీ ఎందుకు ఉండాలి?
3. ఒక మిల్లీమీటరుకు 40 న్యూటన్ల బలం కావలసిన స్ప్రింగును 100 మిల్లీమీటర్లు నొక్కితే దానిలో నిలిచే శక్తి ఎంత? (జవాబు: 200 జౌళ్ళు)

మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. కమాను కట్ట, చుట్ట స్ప్రింగులను పోల్చి, మరమ్మతు పనిలో వచ్చిన మార్పులను వివరించండి.
2. స్ట్రట్ నుంచి స్ప్రింగును విప్పే క్రమాన్ని కారణాలతో రాయండి.
3. సాంకేతిక చరిత్ర రచనలో మౌఖిక ఆధారాల ప్రాధాన్యాన్ని చర్చించండి.

ముఖ్య పదాలు

కమాను కట్ట: విల్లులా వంచి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు.
చుట్ట స్ప్రింగు: మరలా చుట్టిన ఉక్కు కడ్డీ.
మెలిక కడ్డీ: మెలి తిరగడం ద్వారా బరువును మోసే తిన్నని కడ్డీ.
స్ట్రట్: స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు అమరిక.
స్థితిజ శక్తి: నొక్కడం, సాగదీయడం లేదా పైకి ఎత్తడం వల్ల వస్తువులో నిలిచి ఉండే శక్తి.